తిండి కాదు మహాప్రభో, ఎండ!

మన పంచాంగాల్లో బల్లిశాస్త్రం అని ఒకటుంటుంది. బల్లి నెత్తిన పడితే ఏమిటి, భుజాన పడితే ఏమిటి, కుడివైపైతే ఏమిటి, ఎడమవైపైతే ఏమిటి అని ఒంట్లో ప్రతి భాగానికీ ఒక ఫలం రాసిపెట్టారు పెద్దలు. దోషం తగిలిందనుకున్నవారు కంచి వెళ్ళి, వరదరాజస్వామి గుళ్ళో బంగారు బల్లినీ వెండి బల్లినీ తాకి వస్తే సరి, తేలిపోతుంది. బల్లి మన మీద పడితే ఏమవుతుందో ఇంత వివరంగా రాసుకున్న జాతి, మనం బల్లి మీద పడితే పాపం దానికేమవుతుందో ఒక్క వాక్యమైనా రాసుకోలేదు! ఆ లోటు కొంతైనా తీరుద్దామనే ఈ నాలుగు మాటలూ.

పట్టణాల్లో ఈమధ్య కుక్కలూ పిల్లులూ పాతబడిపోయాయి కాబోలు. రామచిలకను పంజరంలో పెడదామంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. మన వుడుమును ముట్టుకుంటే ఏకంగా జైలే. అందుకని పైదేశాల బల్లుల మీద పడ్డారు జనం. వాటిలో పేరుపడ్డది ఇగువానా. మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా వేడిదేశాల్లో, నదుల పక్కన, ఎత్తైన చెట్ల కొమ్మల మీద ఎండ కాచుకుంటూ ఆకులు తిని బతికే పచ్చని ప్రాణి. కొనేటప్పుడు తోకతో కలిపి జానెడు వుంటుంది. అరచేతిలో కూచుని కళ్ళు మిటకరిస్తూ వుంటే ఎవరికైనా ముద్దొస్తుంది. సరిగ్గా చూసుకుంటే ఐదడుగులు పెరుగుతుంది, పదిహేనేళ్ళు పైనే బతుకుతుంది. ఇంటరు చదివే కుర్రవాడు ముచ్చటపడి కొంటే, దాని ఆయుష్షు తీరేలోగా అతగాడికి పెళ్ళయి, పిల్లలు బడికి పోతూ వుంటారు. ఈ లెక్క దుకాణంవాడు చెప్పడు. చెబితే బేరం చెడుతుంది మరి!

అటువంటి బేరమే మా అక్క కొడుకు చేశాడు. జానెడు పిల్లను తెచ్చి, పచ్చగా వుంది గనక పచ్చయ్య అని పేరు పెట్టాడు. రెండేళ్ళు తిరిగాక ఉద్యోగం పేరుతో ఇంకో వూరు పోతూ, గాజుపెట్టెతో సహా తెచ్చి మా ఇంట్లో దింపాడు.

"పిన్నీ, పది రోజుల్నించీ ఏమీ తినటం లేదు. నీ చేతి ముద్ద అయితే ఎలాగైనా తింటుంది," అన్నాడు.

నా పోట్లాటంతా ఈ 'ఎలాగైనా' అనే మాటతోనే. మన ఇళ్ళలో ప్రేమకు ఒకే ఒక్క రూపం: తినిపించడం. పిల్లవాడు ఏడ్చినా ముద్దే, పరీక్ష తప్పినా ముద్దే, అల్లుడు అలిగినా ముద్దే. ఎదుటివాడు వద్దన్నకొద్దీ మన ప్రేమ పొంగుతుంది. 'ఒక్క ముద్ద, నా మీద ఒట్టు' అంటాం. తినకపోతే అది రోగం కాదు, మనకు జరిగిన అవమానం!

పచ్చయ్య వచ్చిందని తెలిసి చూడడానికి వచ్చినవాళ్ళందరూ తలా ఒక సలహా పడేసి పోయారు. పెరుగన్నం కలిపి పెట్టమన్నారు పక్కింటి పిన్నిగారు. గుడ్డు నలిపి పెడితే బలం వస్తుందన్నారు పైవాటాలో మేష్టారు. దిష్టి తగిలిందన్నది పనిమనిషి. ఎవరిదాకానో ఎందుకు, మావారే పేపరు మడిచిపెట్టి, "ఒకరు నోరు తెరిచి పట్టుకోండి, ఒకరు సిరంజితో పొయ్యండి, అదే మింగుతుంది," అని తీర్పు చెప్పేశారు. ఇంతమందిలో 'ఎందుకు తినటం లేదు?' అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు సుమండీ! నిరాహారదీక్షలతో రాష్ట్రాలు తెచ్చుకున్న వాళ్ళం మనం. దీక్ష పట్టినవాడి ముందు విస్తరి వేసి లాభం లేదనీ, ముందు అతడి కోరిక ఏమిటో వినాలనీ మనకు తెలియదా? నోరులేని ప్రాణి తిండి మానేసిందంటే, అది మనకు రాసిన అర్జీ అన్నమాట. చదవకుండా చించేస్తే ఎలా?

ఆ అర్జీలో ఏముంటుందో చెబుతాను. మన ఒంట్లో మనకొక పొయ్యి వుంది. చలైనా ఎండైనా మన వేడి మనదే. బల్లిజాతికి ఆ పొయ్యి లేదు. వేడి బయటినుంచి అరువు తెచ్చుకోవాలి. ఇగువానా ఎండ కాచుకునే చోట 35 నుంచి 38 డిగ్రీల వేడి వుండాలి. పైగా అది తినేది ఆకులు. ఆకు అరగడమంటే మాటలా? ఆవుకు కడుపులో సూక్ష్మజీవులుండి గడ్డిని పులియబెట్టినట్టే, ఇగువానాకు పెద్దపేగులో వుండి పులియబెడతాయి. వేడి తగ్గిందా, ఆ వంటశాల మూతపడుతుంది. అప్పుడు లోపలికి తోసిన ఆకు అరగదు, కుళ్ళుతుంది. అరిగించుకోలేనని తెలిసి అది నోరు మూసుకుంటుంది. అది మొండితనం కాదు, తెలివి. ఏసీ గదిలో గాజుపెట్టె పెట్టి, 'తినదేం?' అని బెంగపడేవారిని చూసి ఏడవాలో నవ్వాలో తెలియదు. 2020 జనవరిలో అమెరికాలో మయామి వాతావరణశాఖ వారు ప్రజలకొక హెచ్చరిక చేశారు — చలికి కొయ్యబారి చెట్లమీంచి ఇగువానాలు రాలిపడవచ్చు, జాగ్రత్త అని. వాన పడుతుందని చెప్పినట్టు బల్లులు పడతాయని చెప్పారన్నమాట! చలి దాన్ని ఏం చేస్తుందో ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇక రెండోది ఎండ. ఎండకు వేడి ఒక్కటే కాదు, ఇంకో గుణం వుంది. అందులో వుండే అతినీలలోహిత కిరణాల్లో 'బి' రకం చర్మానికి తగిలితేనే ఒంట్లో డి విటమిన్ తయారవుతుంది. అది వుంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. లేకపోతే నెత్తురుకు కావలసిన కాల్షియంను శరీరం తన ఎముకల్లోంచే తవ్వుకుంటుంది. ఇల్లు గడవక, గోడల్లోంచి ఇటుకలు పీకి అమ్ముకున్నట్టు. కొన్నాళ్ళకు కాళ్ళు వాస్తాయి, వేళ్ళు వణుకుతాయి, వెన్ను వంకర పోతుంది, దవడ రబ్బరులా మెత్తబడుతుంది. అయ్యా, ఇప్పుడు చెప్పండి. దవడలో ఎముక లేని ప్రాణి ఆకు ఎలా కొరుకుతుంది? అది 'తినను' అనటం లేదు, 'తినలేను' అంటోంది. ఈ రెంటికీ మధ్య వున్నది ఒక్క అక్షరమే గానీ, దాన్ని వినిపించుకోకపోతే పోయేది ప్రాణం. అటువంటి దవడను బలవంతాన విడదీస్తే పుటుక్కున విరుగుతుంది. దాని గాలిగొట్టం ద్వారం నాలుక మొదట్లోనే వుంటుంది. చేయి తిరగనివాడు సిరంజితో పోస్తే గంజి కడుపులోకి కాదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రేమతో చంపడమంటే అదే.

నాకు కడుపు మండేది ఎక్కడంటే, ఇదంతా జరుగుతున్నది మంచుదేశంలో కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే తెలుగుదేశంలో! వడియాలకూ ఊరగాయలకూ పోగా మిగిలి, వీధుల్లో పారబోసినంత ఎండ వున్న చోట, ఒక ప్రాణి ఎండలేమితో ఎముకలు కరిగి చస్తోందంటే సిగ్గుపడవలసింది ఎవరు? 'కిటికీ పక్కనే పెట్టామండీ' అంటారు. కిటికీ అద్దం వెలుగును రానిస్తుంది, వేడినీ రానిస్తుంది, మనకు కావలసిన ఆ కిరణాలను మాత్రం గుమ్మంలోనే ఆపేస్తుంది. 'దీపం పెట్టామండీ' అంటారు. మామూలు బల్బు వేడినిస్తుందే గానీ ఆ కిరణాలనివ్వదు. వాటికోసం చేసిన ప్రత్యేకమైన దీపాలు కూడా ఆరునెలలకో ఏడాదికో ఆ గుణం పోగొట్టుకుంటాయి. అయినా వెలుగుతూనే వుంటాయి గనక మనకు తెలియదు. పదవి వుండి పని లేనివాళ్ళు మనుషుల్లోనే కాదు, దీపాల్లోనూ వున్నారు.

అలాగని గాజుపెట్టెను తీసుకెళ్ళి నడిఎండలో పెట్టేరు సుమా! మూతపెట్టిన గాజుపెట్టె ఎండలో నిమిషాల్లో కుంపటి అవుతుంది. జాలితో ఎండపెట్టి కాల్చి చంపిన పాపం కూడా మనదే అవుతుంది. గాలి ఆడే వలపంజరం కావాలి. అందులో సగం ఎండ, సగం నీడ వుండాలి. ఎక్కడ వుండాలో అది నిర్ణయించుకుంటుంది. ఆ మాత్రం స్వతంత్రం దానికిచ్చి మనం పక్కన కూచుంటే చాలు.

పచ్చయ్యను చూసిన పశువుల డాక్టరుగారు చేసింది ఏమిటో చెబితే మా సలహాదారులు నమ్మలేదు. ఆయన ముందు నోరు తెరిపించలేదు. దవడను వేళ్ళతో మెల్లిగా తడిమారు, తోక మొదలు ఎంత సన్నబడిందో చూశారు, కళ్ళు గుంటలు పడ్డాయో లేదో చూశారు, తూకం వేశారు, ఎక్స్‌రే తీశారు. పేడను పురుగులకోసం పరీక్షకు పంపించారు. "తిండి సంగతి చివర చూద్దామమ్మా. ముందు వేడి, తరవాత నీళ్ళు, ఆ తరవాత కాల్షియం, ఆఖర్న ఆకు," అన్నారు. ఎండిపోయి, చల్లబడి వున్న ఒంట్లోకి తిండి తోస్తే మేలు జరగదు, కీడే జరుగుతుందట. లంఖణం పరమౌషధం అని మన పెద్దలు ఊరికే అన్నారా? దేనికైనా ఒక వరస వుంటుందని దాని భావం.

ఆ వరస ప్రకారమే నడిచాం. రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్ళు భుజాలదాకా వచ్చేటట్టు పళ్ళెంలో పోసి కూచోబెట్టడం, ఆ తరవాత డాబా మీద వలపంజరంలో ఎండ, లోపల సరైన దీపం, డాక్టరుగారిచ్చిన మందు చుక్కలు. వంటింటి త్రాసులో వారానికోసారి తూకం, నోటుబుక్కులో రాయడం. ఆకు ముందు పెట్టేవాళ్ళం, తినకపోతే తీసేసేవాళ్ళం. 'తిను నాయనా' అని ఎవరూ అనకూడదని ఇంట్లో శాసనం. పదిహేడో రోజున డాబా మీద మందారచెట్టు నీడ పంజరం మీద పడుతుంటే, వలలోంచి తొంగిచూస్తున్న ఎర్రని మందారం ఒకటి తనంతట తనే లాక్కుని తిన్నాడు పచ్చయ్య. మా చేతి ముద్ద కాదు, తన ఎండలో తను సంపాదించుకున్న పువ్వు! ఇప్పుడు మందారాలూ, మునగాకూ, మల్బరీ ఆకులూ, సొరకాయ తురుమూ తింటున్నాడు. దవడ గట్టిపడింది గానీ వంకర మాత్రం పోలేదు. కరిగిన ఎముక గట్టిపడుతుందేమో గానీ, వంగింది మళ్ళీ తిన్నబడదు. అది ఆ దుకాణంవాడు పెట్టిన ముద్ర. క్యాబేజీ, పాలకూర వేసి మామూలు బల్బు పెడితే చాలని చెప్పి అమ్మిన పెద్దమనిషి అతడు. పాలకూరలో వుండే ఆక్సాలిక్ ఆమ్లం ఆకులోని కాల్షియంను ఒంటికి పట్టనివ్వదని అతనికి తెలియకపోతే అమ్మడానికి అర్హత లేదు, తెలిసి చెప్పకపోతే క్షమించడానికి వీల్లేదు.

"బల్లికి డాక్టరేమిటండీ, విడ్డూరం కాకపోతే! మనుషులకే దిక్కులేదు," అని ముక్కుమీద వేలేసుకున్నవాళ్ళకు రెండు మాటలు. బల్లిని కొనడానికి వేలు ఖర్చుపెట్టినప్పుడు మీకు విడ్డూరం అనిపించలేదు, దాని గాజుపెట్టెను హాల్లో పెట్టి చుట్టాలకు చూపించినప్పుడు విడ్డూరం అనిపించలేదు, దానికి జబ్బు చేసినప్పుడే అనిపించిందా? తెచ్చిన రోజునే దాని రోగానికి పూచీ పడ్డాం. అడవిలో వుంటే దాని ఎండ అది చూసుకునేది, దాని ఆకు అది ఏరుకునేది. నాలుగు గాజుగోడల మధ్య పెట్టి, దానికి ఏరుకునే వీలు లేకుండా చేసింది మనం గనక, ఇక దాని ఆకలి మన ఖాతాలోదే.

మనుషుల సంగతి అంటారా? ఈ రోగం మనుషుల్లోనూ ఇంతే. మంచాన పడ్డ ముసలమ్మ అన్నం వద్దంటే 'చాదస్తం' అని గదమాయిస్తాం. కట్టుడు పళ్ళు గుచ్చుకుంటున్నాయేమో, నోట్లో పూత వుందేమో, వేసుకునే మాత్రలకు నాలుక చేదెక్కిందేమో, ఎవరైనా వంగి చూస్తున్నారా? మగతలో వున్న మనిషికి చెంచాతో పాలు పోసి, పొలమారి ఉక్కిరిబిక్కిరి అవుతుంటే, 'నాలుగు చుక్కలైనా దిగాయి' అని తృప్తిపడే ఇళ్ళు ఎన్ని లేవు! బల్లి నోరు మూసుకుంటే 'ఎందుకు?' అని అడగడం అలవాటైన చెయ్యి, రేపు మంచం పక్కన కూచున్నప్పుడు కూడా అదే ప్రశ్న అడుగుతుంది. దయకు రేషను కార్డు లేదు, ఒకరికిస్తే ఇంకొకరికి తగ్గిపోవడానికి.

ఇక ఆఖరి సలహాదారులు. "అంత బాధ ఎందుకు, తీసుకెళ్ళి అడవిలో వదిలేస్తే పోలా?" అంటారు. వినడానికి ధర్మంగానే వుంటుంది. జబ్బుచేసిన పైదేశపు ప్రాణిని మన అడవిలో వదిలితే, చస్తే అది చస్తుంది, బతికితే మన అడవికి చేటు. ఫ్లారిడాలో జరిగింది అదే. ఒకప్పుడు పెంచుకున్నవాళ్ళు వదిలేసినవీ, తప్పించుకున్నవీ సంతానం పెంచుకుని, కాలవగట్లూ సముద్రపు గోడలూ కింద బొరియలు తవ్వి గుల్ల చేస్తున్నాయి. చివరికి 2021లో ఆ రాష్ట్రం వాటిని నిషిద్ధ ప్రాణుల జాబితాలో చేర్చింది. ముచ్చట తీరాక వదిలెయ్యడం స్వేచ్ఛనివ్వడం కాదండీ, బాధ్యతను చెట్టెక్కించడం.

మన చట్టం కూడా నిద్రపోవటం లేదు. ఇగువానాలు 1977 నుంచీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం కింద వున్నవే. మన వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ నుంచి అమలుకొచ్చింది. అటువంటి ప్రాణి తమ దగ్గర వుందని ప్రభుత్వానికి చెప్పి నమోదు చేయించుకోవాలని 2024లో నియమాలు కూడా వచ్చాయి. మంచిదే. పచ్చయ్యకు కాగితాలున్నాయి. అయితే ఆ కాగితం ప్రాణి ఎవరి ఇంట్లో వుందో చెబుతుంది గానీ, ఆ ఇంట్లో ఎండ వుందో లేదో చెప్పదు. నేనడిగేది పెద్ద కోరిక కాదు. అమ్మేవాడు గాజుపెట్టె మీద నాలుగు మాటలు పెద్ద అక్షరాల్లో అంటించాలి: ఇది ఎంత పెరుగుతుంది, ఎన్నాళ్ళు బతుకుతుంది, ఎంత వేడి కావాలి, ఏం తింటుంది. సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక వెయ్యగా లేనిది, ప్రాణమున్న సరుకు మీద వేస్తే ఏం పోయింది? ఆ నాలుగు మాటలూ చదివాక నూటికి తొంభైమంది కొనరని దుకాణంవాళ్ళకు భయం. కొనకూడదనే నా ఆశ కూడా!

ఇప్పటికే కొన్నవాళ్ళుంటే, వారితో నాదొక్కటే మనవి. మీ బల్లి రేపు పొద్దున ఆకు ముట్టకపోతే సిరంజి కోసం వెతకకండి. ముందు గదిలో వేడి ఎంతో చూడండి, దీపం కొని ఎన్నాళ్ళయిందో చూడండి, తూకం వెయ్యండి, బల్లుల్ని ఎరిగిన డాక్టరును వాకబు చెయ్యండి. దాని దవడ విడదీయకముందు మీ కిటికీ తలుపు విడదీయండి. ఆకాశంలో ఆయన రోజూ వస్తూనే వున్నాడు, ఫీజు కూడా అడగడు.